ఎవరి తాలూకా

నర్సాపురం లేసు సొసైటీ, మేడమీద గది.
కిటికీలోంచి వశిష్ఠ. సఖినేటిపల్లి రేవుకి
మోటారుసైకిళ్లతో కిక్కిరిసి వెళ్తున్న పంటు.
బల్లమీద పక్క రేకు ఊడదీసిన కంప్యూటరు,
దాని కడుపులో, పెనుగొండలో ఎవరో అమ్మేసుకున్న గ్రాఫిక్స్ కార్డు.

కనకరత్నం గారి బాధ ఒక్కటే:
లేసుపువ్వు తెరమీద కోడిగుడ్డులా సాగిపోతోంది.
"గుండ్రంగా రావాలి బాబూ,
ఈ నమూనా చూసే కదా మొగల్తూరులో అల్లేది."

లినక్సు ఎక్కించి మీట నొక్కాను.
నల్లటి తెరమీద తెల్లటి వరసలు, గబగబా.
ఒక్కో స్లాటు దగ్గరా ఆగి అడుగుతోంది,
మా వైపు అరుగులమీద అడిగే మాటే:
ఎవరి తాలూకా?

కార్డు ముందు ఇంటిపేరు చెప్పింది, నాలుగు అంకెలు.
ఆ తర్వాత తన పేరు, ఇంకో నాలుగు.

ఆ ప్రశ్న నాకు తెలుసు.
పదేళ్లప్పుడు, కాలవగట్టు పక్కింట్లో
మంచినీళ్లడిగితే అడిగారు.
చెప్పాను.
గ్లాసు లోపలికెళ్లిపోయింది.
దోసిలి పట్టమన్నారు.

ఇదేమో పేరు విని
వేల డ్రైవర్ల గంప తిరగేస్తోంది
దీనికేది సరిపోతుందా అని.
దొరకలేదు.
అయినా తెర ఆర్పలేదు.
ఎవరికైనా పనికొచ్చే ముతక డ్రైవరొకటి తగిలించి
మసగ్గానే అయినా, ముందు కూర్చో అంది,
తర్వాత చూద్దాం అన్నట్టు.

ఇదివరకైతే రాత్రంతా నేనే రాసేవాణ్ణి,
అడ్డం ఎంత, నిలువెంత, సెకనుకెన్నిసార్లు.
ఒక్క అంకె తప్పితే
ఆ లావుపాటి పాత మానిటరు కీచుమనేది,
నా గుండె జారేది.
ఇప్పుడు తెర కూడా తన కొలతలు తనే చెప్పుకుంటోంది,
పుట్టిన సంవత్సరంతో సహా, దాచుకోకుండా.

నా ఫోను నెట్టు కలిపి, దానికి కావలసిన ఫర్మ్‌వేరు తెప్పించి
మళ్లీ మీట నొక్కాను.
ఎవరి తాలూకా, ఎవరి తాలూకా,
ఒక్క క్షణం చీకటి,
పువ్వు.

కనకరత్నం గారు ఏమీ అనలేదు.
చేతిగాజు ఒకటి తీసి తెరకి ఆనించారు.
అంచుకి అంచు సరిపోయింది.
మెట్లకేసి తిరిగి "రెండు టీలు" అని కేకేశారు.

నేను రేకు బిగిస్తున్నాను.
వెనకనించి ఆవిడ, ప్రేమగానే,
"ఇంతకీ ఎవరి తాలూకా బాబూ నువ్వు?"

నోట్లో రెండు స్క్రూలున్నాయి.
వెంటనే జవాబు చెప్పలేకపోయాను.