రీడింగ్

ఇరవై రెండేండ్లు నేను చదివింది అంకెలే.
చండూరు దిక్కు ప్రతి గోడ మీది మీటరు నాకెరుక.
ఏ ఇంటి కుక్క మొరుగుతదో,
ఏది మొరగకుండనే కరుస్తదో, అదీ ఎరుక.
"రీడింగ్‌కొచ్చిండు" అని లోపలికి కేకేస్తరు.
నా పేరు కాదది, నా పని.

పోయిన ఎండకాలం, గట్టుప్పల్ల
మగ్గం గుంత పక్కన మీటరు, ఎత్తుల ఉన్నది.
నాడె కింద పెట్టి మార్కండేయులు స్టూలు తేను పోయిండు.
గుంత ఒడ్డు మీద ఒక పుస్తకం
బోర్ల పడుకొని ఉన్నది,
ఎండకు రెక్కలు పరిచిన పిట్ట లెక్క.
ఊకెనే తిప్పి చూసిన.
స్టూలొచ్చింది. మీటరు మరిచిన.
ఆ పేజీల ఒక పిల్ల
బాయి గిరక మీది కాకితోని కొట్లాడుతున్నది.
కాకి ఏమన్నదో తెల్వాలె నాకు.
గంతే. ఇంకేం కాలే.

"తీస్కపో" అన్నడు మార్కండేయులు.
తను చదివిన కాడ ఎర్ర నూలుపోగు పెట్టి,
"నా జాగ మాత్రం పోగొట్టకు."

కడసారి నేను చదివింది లైన్‌మన్ పరీక్ష గైడు.
అండ్ల ప్రతి ప్రశ్నకు కింద జవాబుండె.
ఈ కాకి కాడ జవాబు లేదు.
రాత్రి రెండింటికి మా ఆమె లేచి
"ఎవలితోని మాట్లాడుతున్నవ్?" అన్నది.
పెదిమెలు కదుల్తున్నయట నాయి.

అప్పట్నుంచి అడుక్కుంటున్న.
బిల్లు చింపంగనే ఇంకో ముక్క చింపి, వెనక్కి తిప్పి:
ఒక్కటి రాసియ్యి. నీకు నచ్చింది. పరీక్షకు కాదు.

రేషన్ షాపు అండాలు అన్నది,
"మొదటి ముప్పై పేజీలు చింతపండు పిసుకుడే, ఓపిక పట్టు.
పులుసు తర్వాత."

పంచర్ల జానీమియా:
"చదివేటప్పుడు అన్నం ముందల పెట్టుకోకు.
నేను పెట్టుకున్న, సల్లారింది."
ఏడ్సినవా అంటే,
"అన్నం సల్లారిందన్న" అన్నడు మళ్ల,
ట్యూబు నీళ్లల్ల ముంచి బుడగల దిక్కు చూస్కుంట.

కస్తాల బడి పంతులు మూడు పేర్లు రాసి రెండు కొట్టేసిండు.
మిగిలినదాన్నీ కొంచెంసేపు అనుమానంగ చూసిండు.

మర్రిగూడ పరమేశానికి
ఫ్లోరైడు నీళ్లకు మెడ వంగదు.
పుస్తకం ఒళ్లె పెట్టుకోలేడు,
అద్దం లెక్క మొఖానికి ఎదురుగ లేపి పట్టుకుంటడు.
చేతులు గుంజితే దించుతడు, మళ్ల లేపుతడు.
"సన్నయే చెప్త నీకు" అని నవ్విండు,
"నేను బరువు చూసి మెచ్చుకుంట."

ఇంకొకామె. పేరు తెల్వదు, సర్వీసు నంబరే తెలుసు.
పుస్తకం పేరు యాదికి లేదామెకు.
"పచ్చ అట్ట. అండ్ల ఒక గొడుగు పోతది.
ఎవలూ దొంగిలించరు, ఊకెనే పోతది.
పెండ్లికి ముందు చదివిన. సగమే."
నల్లగొండ లైబ్రరీల అడిగిన,
దేవరకొండల పాత పుస్తకాల బండి మీద అడిగిన.
ఆకుపచ్చనా పసుపుపచ్చనా అంటరు వాళ్లు.
అడుగుడు మరిచిన నేను.
ప్రతి నెలా ఆమె, బిల్లెంతనేటి కంటె ముందు,
"దొరికిందా?" అంటది.

ఈ కాగితాలు మంచియి కావు.
జేబుల, ఎండకు, చెమటకు
యూనిట్లు పోతయి, రూపాయలు పోతయి,
ఆఖరు తారీఖు పోతది.
వెనక పెన్నురాత ఉంటది.

కాకి పుస్తకం వాపస్ ఇచ్చిన.
నూలుపోగు ఆయన పెట్టిన పేజీలనే ఉన్నది.
"ఏమన్నదో చెప్పకు" అన్నడు మార్కండేయులు చెయ్యి అడ్డం పెట్టి.
చెప్పలే. గొడుగు సంగతి అడిగిన.
నాడె ఆగింది.
"గొడుగు... ఆగు...
మా తమ్ముని ఇంట్ల అటక మీద
పచ్చ అట్టది ఏదో ఒకటుండె గదా" అనుకుంట
గుంతలకెళ్లి లేచిండు,
సగం నేసిన చీర అట్లనే ఇడిసిపెట్టి.
స్టూలు నేనే పట్టుకున్న.