బ్యాడ్జి మీద సగం పేరు

నా పేరులోంచి నూకాలమ్మని తీసేసి
'డా. ఎన్. రత్నం' అని అచ్చేశారు బ్యాడ్జి మీద.
మూడు రోజులు మెడలో వేసుకు తిరిగాను.
ఆ పేరుతో ఎవరు పిలిచినా కాస్త ఆలస్యంగా పలికాను,
మత్తు దిగుతున్న మనిషిలా.

మత్తు డాక్టర్ల రాష్ట్ర మహాసభ. బీచ్ రోడ్డులో హోటలు.
లోపల ఏసీ చలికి అందరం చేతులు కట్టుకునే ఉన్నాం.
అద్దాల అవతల సముద్రం
ఎవరో సౌండు తీసేసిన టీవీ.

కొత్త యంత్రాలు చూశాను. ముట్టుకున్నాను. ధర అడగలేదు.
నర్సీపట్నంలో మా యంత్రానికి ఒక చక్రం లేదు,
ఇటుక పెట్టాం.
స్టాల్లో కుర్రాడు పెన్నూ చాక్లెట్టూ చేతిలో పెట్టి
"మీ నెంబరు మేడం" అన్నాడు.
రాసిచ్చాను. ఇటుక సంగతి చెప్పలేదు.

మజ్జి సూర్యకాంతం మేడంకి సన్మానం.
వెన్నులోకి సూది దించడం మాకు నేర్పిన మనిషి.
"వెతక్కండర్రా, వేలితో వినండి" అనేది.
ఇవాళ శాలువా కొస పట్టుకోడానికే ఆ వేళ్ళు వణికాయి.
మైకు ముందు చాలాసేపు ఊరికే నిలబడి
"పొద్దుట్నించి ఏమీ తినలేదు కదా?" అంది.
భోజనాల వేళ కదా, హాలంతా నవ్వింది.
నాకు నవ్వు రాలేదు.
బల్ల మీద పడుకున్న ప్రతి మనిషినీ
ముప్పై ఏళ్ళు ఆవిడ అడిగిన మొదటి మాట అది.
వేళాకోళమాడిందో,
థియేటర్లోనే ఉన్నాననుకుందో
తెలీలేదు. ఎవర్నీ అడగలేదు.

రెండో రోజు హాలు బి.
పాడేరు నుంచి కిల్లో సన్యాసిరావు, ఎనిమిది నిమిషాలు.
కరెంటు పోయి, జనరేటరు పలకని రాత్రి
సెల్‌ఫోను వెలుగులో నలభై నిమిషాలు
ఒక బాలింతకి ఊపిరి
చేత్తో సంచి నొక్కి నొక్కి పోశాడు.
గ్రాఫుల్లేవు. ఆ సంచి ఫొటో ఒకటి, వంకరగా.
వింటున్నది పదకొండు మందిమి.
మిగతావాళ్ళు రొయ్యల వేపుడు దగ్గర వరసలో ఉన్నారు.
నాకూ ఆకలేసింది, అబద్ధం ఎందుకు.
"టైమైపోయింది డాక్టర్" అని గంట కొట్టారు.
నా ప్రశ్న నోట్లోనే మిగిలిపోయింది:
తెల్లారాక ఆ చేత్తో అన్నం కలుపుకోగలిగావా నాయనా?

ఆఖరి సాయంత్రం బ్యాడ్జి పర్సులో పడేసి ఇసకలోకి దిగాను.
పొట్లంలో మురీ మిక్చరు, ఉల్లిపాయ ఎక్కువేయించి.
డాల్ఫిన్ నోస్ మీద దీపం తిరుగుతోంది.
హార్బరులో చోటు దొరకని ఓడలు
దూరంగా లైట్లేసుకుని
థియేటరు బయట స్ట్రెచర్లలా తమ వంతు కోసం ఆగున్నాయి.
ఎవరి పిల్లో కెరటాలు లెక్కపెడుతోంది.
పది దాటింది. ఇరవై దాటింది.
నా దగ్గర ఎవరూ పది దాకా రారు.
ఆరు దగ్గరో, ఏడులో సగం దగ్గరో నాలుక జారిపోతుంది.
ఇరవై రెండేళ్ళుగా
మిగతా అంకెలు నేనే లోపల చెప్పుకుంటున్నాను.

మూడు రోజుల్లో నూట అరవై పేపర్లు చదివారు.
మా ఊళ్ళో బల్లెక్కే ముందు నా చెయ్యి పట్టుకుని అడిగేది
ఒక్కదాంట్లోనూ లేదు:
"నెగుస్తాను కదా డాట్రమ్మా?"

రాత్రి బస్సు.
"తాళ్ళపాలెంలో లేపమ్మా" అని చెప్పి
పక్కసీటు ముసలమ్మ నా భుజం మీదికి ఒరిగిపోయింది.
అనకాపల్లి దాటాక చూసుకుందును కదా,
ఒళ్ళో కాన్ఫరెన్సు సంచిని నా కుడిచెయ్యి
నొక్కుతోంది, వదుల్తోంది, నొక్కుతోంది.
లోపల సర్టిఫికెట్టు ఎప్పుడో నలిగిపోయింది.
ముసలమ్మ గురక ఒకచోట ఆగింది.
నా చెయ్యీ ఆగింది.
ఒకటి. రెండు. మూడు.
మళ్ళీ అందుకుంది.

సోమవారం ఎనిమిదింటికి హెర్నియా,
తర్వాత ఒక సిజేరియను,
టాన్సిల్స్ పిల్లాడు, జలుబు తగ్గితే.

తాళ్ళపాలెం వచ్చింది. తట్టి లేపాను.
కళ్ళు తెరవకుండానే అడిగింది,
"ఏ ఊరే ఇది?"