ఫ్లాపీ సందులో నీటిమట్టం

ఈ పెట్టె రంగుకి పేరు లేదు.
కొన్ననాడు తెల్లనేమో, ఇప్పుడు
కిటికీలో మరిచిపోయిన వెన్న రంగు.
వీపు మీద ఇంకా ఊడని రేకు బిళ్ల:
కాగితం మిల్లు, జీతాల విభాగం, నాలుగు వందల పదిహేడు.
మిల్లు మూసేసిన రోజు చెత్తబండి ఎక్కబోతుంటే
ఐదు యూరోలిచ్చి దింపించాను.

తాంపెరేలో జనవరి. బయట మైనస్ ఇరవై రెండు.
అపార్టుమెంటు నేలమాళిగలో, స్కీలు ఆరబెట్టే గది పక్కన,
ఒక యంత్రాన్ని చల్లబరచాలని
నీళ్లు మోసుకొచ్చాం మేమిద్దరం.
నవ్వుకోవాల్సిన సంగతే. ఔలిక్కి నవ్వలేదు.
ముప్పై నాలుగేళ్లు ఈ ఊరి ఇళ్లకి
భూమి కింద వేడినీళ్లు నడిపించిన మనిషి.
"ఏ పని మీద పోతోందో నీటికి తెలీదు," అంది,
"దారి ఒక్కటే తెలుసు. దారి వేసేది మనం."

ముందు లోపలి అరలు తీశాం,
రివెట్ల తలలు ఒక్కొక్కటే డ్రిల్లుతో ఎగరగొట్టి.
ఆ కాలపు ఇనుము. తట్టితే గంగాళంలా మోగింది.
అడుగున, బూజు కింద,
ఒక పేపరు క్లిప్పు, ఒక పైన్ సూది.
ఏ గుమస్తా స్వెట్టరు నుంచి రాలిందో.
క్లిప్పు జేబులో వేసుకున్నాను.

పైకప్పు మీద నీలం టేపు అంటించి
రేడియేటరు కొలత గీశాను.
ఆమె స్కేలు పెట్టి చూసింది. రెండు మిల్లీమీటర్లు తేడా.
ఏమీ అనలేదు.
నా గీతని బొటనవేలితో చెరిపేసింది.

రంపం మొదటి గాటుకి పెట్టె కీచుమంది.
నా చెయ్యి వణికింది, ఆమెది కాదు.
ఒక్క ఇనప రజను బోర్డు మీద పడితే కొంప మునిగినట్టే.
సాక్సులో అయస్కాంతం వేసి
నేలంతా తడిమాను గంటసేపు,
అంచులు ఆకురాయితో ఆమె నున్నన చేస్తుంటే.

ముందు రేకు మాత్రం ముట్టుకోనివ్వలేదు నేను.
ఆ బటను, ఆ పసుపు దీపం, ఆ ఫ్లాపీ సందు
అలాగే ఉండాలి.
సందు వెనకే నీళ్ల తొట్టి నిలబెట్టాను:
మూడున్నర అంగుళాల వెడల్పున
ఒక సన్నటి సరస్సు.

తక్కిన తీగలన్నీ పీకేసి
పచ్చ తీగకీ నల్ల తీగకీ మధ్య
ఆ గుమస్తా క్లిప్పునే వంచి గుచ్చాం.
పంపు గుటకలు మింగింది, దగ్గింది, సర్దుకుంది.
ప్రతి అతుకు కింద ఒక టిష్యూ కాగితం.
ఇక ఇరవై నాలుగు గంటలు కాపలా.

రాత్రి రెండింటికి
మూడో కాగితం మీద నాణెమంత తడి.
నేను పానా అందుకున్నాను.
ఆమె నా మణికట్టు పట్టుకుంది.
అతుకు విప్పితే లోపల రబ్బరు ఉంగరం నలిగి, చీలి.
తెగేదాకా బిగించింది నేనే.

నీరు పల్లమెరుగు అంటారు.
పల్లమే కాదు, నీరు తొందరనీ ఎరుగు.

అప్పుడు చెప్పింది, నా వైపు చూడకుండా:
ఎనభై ఏడులో, ఒక వీధి కింద,
పని ముగించి ఇంటికి పోవాలని
ఒక అతుకుని ఇలాగే అదిమి బిగించిందట.
వారం తిరక్కుండా ఆవిరి.
రైమో అనే కుర్రాడు మోచేతి దాకా కాలాడు.
"తర్వాత కూడా నాతోనే పని చేశాడు.
ఎవరు బిగించారని ఎన్నడూ అడగలేదు."

కొత్త ఉంగరాన్ని నీళ్లలో తడిపి
వేళ్లతోనే తిప్పింది, పానా ముట్టకుండా.
ఆగాల్సిన చోట ఆ వేళ్లు వాటంతటవే ఆగాయి.

మర్నాటి రాత్రి గడిచింది. కాగితాలన్నీ పొడిగా.
తీగలన్నీ కలిపి బటను నొక్కాను.
పసుపు దీపం వెలిగింది
జీతాల రోజు వెలిగినట్టే.
ప్రాసెసరు నలభై ఒకటి దగ్గర నిలబడింది.

ఔలిక్కి కాఫీ తాగింది, కోటు వేసుకుంది,
మళ్లీ ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి వచ్చి
మంచుకి తడిసిన చేతితొడుగులు
నేను కోసిన కంత మీద, జాలీ పైన, బోర్లా పెట్టింది.
అవి ఆరేదాకా
స్టూలు మీద కూర్చుని
సందులోంచి నీటిని చూస్తూ ఉంది.