ఎర్తు గుంట

మొదట నా నరాలనే అనుమానించాను.
చూపుడువేలికి సూది దిగిన చోట
చీమ కుట్టినట్టు, చీమ కూడా కాదు,
చీమ నీడ కుట్టినట్టు
ఒక చిన్న జిల్లు.
స్టోన్‌హౌస్‌పేట ఆరెంపీ డాక్టరు నాలుక చూసి
"రోజంతా మిషను తొక్కుతావు గదమ్మా" అని
ఎర్ర బిళ్లలు పది రాసిచ్చాడు.
రోజుకొకటి చొప్పున
ఆరు రోజులు మింగాను.

జిల్లుమనేది చేపల తొట్టిలో చెయ్యి పెట్టినప్పుడే,
అదీ గచ్చు తుడిచిన పొద్దున, వట్టి కాళ్లతో ఉన్నప్పుడే.
జాకెట్టు కొలత పదిసార్లు చూసుకునేదాన్ని,
ఈ రెంటినీ మాత్రం జత కలిపి చూళ్లేదు.
లోపల రెండు నల్ల మోలీలు, ఒక బంగారు చేప,
మా లిఖిత హెడ్మాస్టరని పిలిచే లావు గప్పీ
తోకలాడిస్తా తిరుగుతున్నాయి.
వాటికి లేని జబ్బు నాకెందుకొస్తుంది?

మా ఆయన ముత్తుకూరు పక్కన రొయ్యల గుంటల కాపలా.
రాత్రి రెండింటికి ఏరేటరు ఆగితే
కలలోంచి లేచి పరిగెత్తే మనిషి.
ఫోన్లో మాటవరసకి చెప్పానో లేదో
గొంతు మారిపోయింది:
"చెయ్యి పెట్టబాక.
పిల్లదాన్ని ఆ పక్కకే పోనియ్యబాక.
కాలేషాని పిలువు."
పోయినేడు వాళ్ల పక్క గుంటలో
మోటారు చూడను దిగినోడి పేరు
ఇంతవరకూ ఆయన నాకు చెప్పలేదు.
చెప్పులు గట్టు మీదే ఉండాయని మాత్రం
ఒకసారి, అన్నం కలుపుతా, అన్నాడు.

కాలేషా వచ్చి టెస్టరు నీళ్లకి ఆనించాడు.
పిడిలో లైటు మసగ్గా వెలిగింది,
తెల్లారినా ఆర్పడం మర్చిపోయిన బల్బులా.
తొట్టి లైటు పీకాడు. వెలుగుతూనే ఉంది.
గాలి మిషను పీకాడు. వెలుగుతూనే ఉంది.
ఫిల్టరు పీకాడు.
ఆరిపోయింది.

అద్దం మూత కింద నలిగి
వైరు తోలు పగిలింది, వెంట్రుకంత.

"మరి చేపలకి?"
"వాటికేం తెలస్తాది మా. తొట్టంతా ఒకటే మట్టం.
కరెంటుకి దిగను దారి కావాల.
వాటి కాళ్లు నేల మీద లేవు గదా,
నీవి ఉండాయి.
నువ్వు చెయ్యి పెట్టినప్పుడల్లా
నీలోంచి మట్టిలోకి పోతా ఉండాది."

అప్పుడడిగాడు, "మూడో పిన్ను ఏమైంది?"
నేను మాట్లాడలేదు.
మిషను బోర్డుకి పట్టడం లేదని
రంపం బ్లేడుతో కోసింది నేనే,
పట్టని జాకెట్టుకి చంక విప్పినంత తేలిగ్గా.

పెరట్లో సిమెంటు మూత ఎత్తాడు.
ఉప్పూ బొగ్గులూ వేసిన గుంట
మే నెల ఎండకి నోరెండి ఉంది.
కడ్డీకీ మట్టికీ మధ్య వేలు పట్టే సందు.
"పిన్ను ఉండినా ఇది తీసుకునేది కాదులే మా" అన్నాడు,
నన్ను ఓదార్చనో, ఇంటి ఓనర్ని తిట్టనో.

కొత్త ఫిల్టరు. మూడు కాళ్ల ప్లగ్గు.
మీటరు పక్కన, లెక్క తేడా వస్తే
రెప్పపాటులో పడిపోయే స్విచ్చి.
దాని డబ్బుకి వాళ్లావిడకి ఆరు జాకెట్లు కుట్టే ఒప్పందం.
వైరుని ప్లగ్గుకంటే కిందకి వేలాడదీసి
మళ్లీ పైకి తిప్పాడు.
జారే చుక్క ఆ వంపులోనే రాలిపోవాలట.
అది మటుకు నాకు ఒక్కసారికే అర్థమైంది,
దారానికి వదులివ్వకపోతే ఏమవుతుందో తెలిసినదాన్ని.

ఇప్పుడు ఆదివారం ఆదివారం
ప్లగ్గులన్నీ పీకి, చెప్పులేసుకుని
తొట్టి నీళ్లు సగం తోడతాం.
పచ్చగా, నీచు వాసనతో రెండు బకెట్లు.
లిఖిత ఒకటి, నేనొకటి
మోసుకుపోయి ఎర్తు గుంటలో పోస్తాం.
బుడబుడా శబ్దం చేస్తుంది.
"తాగతా ఉందమ్మా" అంటుంది పిల్లది,
అయిపోయిందాకా అక్కడే గొంతుక్కూర్చుని.

ఎర్ర బిళ్లలు నాలుగు మిగిలాయి,
మిషను సొరుగులో గుండీల డబ్బాలో.
వేలికి సూది దిగినప్పుడు
ఇప్పటికీ ఒక్క క్షణం పెడలు ఆపి వింటాను.
ఏమీ లేదు.
ఉట్టి నొప్పి.
నాదే.