మూడు గంతుల నియమం

పడవ దిగగానే మీరడిగారు, మైదానం ఎక్కడని.
ఇదేనండీ, ఈ గుంతే అన్నాను.
మీరు నవ్వారు. నేను నవ్వలేదు.

మా తాత ఫర్కర్ ఉలితో పొరలు పొరలుగా ఒలిచిన గుంత.
కొండంతా గ్లాస్గో ఇళ్ళకి పైకప్పులై వెళ్ళిపోతే
వెనక మిగిలిన ఖాళీ.
ఒక నవంబరు రాత్రి సముద్రం గోడ దూకి
పనిముట్లతో సహా మింగేసింది.
పొద్దున్నే వచ్చి చూస్తే
అరవై అడుగుల నీళ్ళు, అల లేదు, అలికిడి లేదు,
పైన తేలుతూ రెండు టోపీలు.
అప్పుడెవరో, కోపంతోనే అయ్యుండాలి,
పలక ముక్క ఒకటి తీసి విసిరాడు.
అది వెంటనే మునగలేదు.
ఆట అక్కడ పుట్టిందని చెప్పుకుంటాం.
చూసినవాడెవడూ ఇప్పుడు లేడు.

మీ కాగితంలో "పరికరం" అని ఒక గడి ఉంది.
రాయండి: రాయి.
బరువు? చేతికి తెలుస్తుంది.
తయారీదారు? మంచు, కెరటాలు,
కొన్ని కోట్ల ఏళ్ళ తీరిక.
వెడల్పు మాత్రం నేనే చూస్తాను,
మా అమ్మ కిటికీ తెరకున్న ఇత్తడి కడియంలోంచి దూరాలి.
దూరకపోతే ఎంత ముద్దొచ్చే రాయైనా బయటే.
మనిషికి మూడు రాళ్ళు.
నీటి మీద మూడు గంతులు తప్పనిసరి,
ఆపైన ఎంత దూరం పోతే అంత.
ఎక్కడో వీటిని కప్పగంతులంటారట.
ఆ పేరు పెట్టినవాళ్ళకి ఆట తెలుసు.

మత్తుమందుల సంగతి అడిగారు.
దాచను, ఉంది.
డూగీ మక్‌ఫెయిల్ పొద్దున పదింటికే మొదలుపెడతాడు,
మణికట్టు వదులవుతుందంటాడు.
పోయినేడు నీళ్ళలో పడింది రాయి కాదు, తనే.
ఒక్క గంతు కూడా వెయ్యలేదు.

మంచు మీద చీపుర్లతో ఊడ్చేవాళ్ళకి పతకాలిస్తున్నారు,
ఆ బండరాయి కూడా మా తీరం నుంచి పోయిందే.
గుర్రం వయ్యారంగా అడుగేస్తే ఇస్తున్నారు.
కడుపుమంట కాదు,
ఊరికే గుర్తుచేస్తున్నాను.

ఆ పసుపు స్వెటరాయన గుర్తున్నాడా?
టొర్కిల్. డెబ్బై ఆరేళ్ళు.
ఈ గుంతకి తొమ్మిదిసార్లు రాజు.
మూడేళ్ళుగా కుడిచేతికి వణుకు,
ఇంట్లో టీ కప్పు సగమే నింపుతాం.
మీరు చూసింది ఆయన చివరి రాయి.
వంగాడు. నడుము తిప్పాడు.
చూపుడువేలి అంచు నుంచి రాయి జారినప్పుడు
వణుకు కూడా దాంతోపాటే వెళ్ళిపోయినట్టుంది.
ఒకటి.
రెండు.
ఆ తర్వాత నీళ్ళు కాస్త ముడుచుకున్నాయి.
అది మూడో గంతా,
మునిగేముందు తడబాటా?
ఒడ్డున రెండొందలమంది ఊపిరి బిగబట్టి
నా చేతులవైపు చూశారు.
ఒక చేతిలో తెల్ల జెండా, ఒక చేతిలో ఎర్రది.

ఎర్రది ఎత్తాను.

ఆయన నాకు సొంత అన్న.
దానికి మీ కాగితంలో గడి లేదు.
కర్ర పొడుచుకుంటూ నా దగ్గరికొచ్చి
గొంతు తగ్గించి అన్నాడు:
"తెల్లది ఎత్తి ఉంటే ఎఫీ,
ఈ జన్మకి నీతో మాట్లాడేవాణ్ణి కాదు."
తర్వాత తన శాండ్‌విచ్‌లో సగం తుంపి ఇచ్చాడు.
గుడ్డుది. ఉప్పెక్కువైంది.
ఇద్దరం తినేశాం.

ఇంక మీ ఇష్టం, మీకేది కావాలో అది రాసుకోండి.
గెలిచిన పరికరాన్ని అద్దాల బీరువాలో పెడతామన్నారు,
అది కుదరదు.
అది అడుగున ఉంది,
ఓడిన వాటి మధ్య, ఏదేదో పోల్చలేనట్టు,
బహుశా మా తాత ఉలి పక్కన.

అయిదింటి పడవ కోసం
రేవు మీద మీరొక్కరే నిలబడ్డారు.
సంచి కింద పెట్టారు.
అటూ ఇటూ చూశారు.
వంగి దేన్నో ఏరారు, బొటనవేలితో తుడిచారు.
నేను మా ఇంట్లో,
కడియం ఒకటి తక్కువైన తెర వెనకాల ఉన్నాను.
లెక్కపెట్టలేదు.

సరే, పెట్టాను.
నాలుగు.