బిరడా

కొత్త పడవకి ముందు పెట్టేది బొట్టు కాదు, బొక్క.

బలుసుతిప్ప రేవులో బోర్లించిన
ఫైబర్ బోటు అమరం పలక మీద
ఓలేటి నూకరత్నం సుద్దముక్కతో సున్నా చుట్టి
డ్రిల్లు నా చేతికిచ్చింది.
"అప్పు కాగితం మీద నా వేలిముద్ర ఆరనే లేదు,
అప్పుడే చిల్లా?" అన్నాను.
"ఆయ్, వాన పడదా? కెరటం ఎక్కదా?
వచ్చిన చుట్టానికి గుమ్మం చూపించాలి కదండీ."

చెక్కపొట్టు రాలింది.
బొక్కని కాదు, బొక్క అంచుని చూసిందావిడ, చాలాసేపు.
"ఫైబర్ నీళ్లు తాగదు. లోపలి చెక్క తాగుద్ది.
తాగినట్టు చెప్పదు.
ఓ రోజు ఇంజనుతో సహా
తడిసిన అట్టముక్కలా ఊడొస్తాది."
వేలికి గుడ్డ చుట్టి, రెసిన్‌లో ముంచి
ఆ అంచుకి మూడుసార్లు పట్టించింది
పసిదాని చెవికి నూనె రాసినట్టు.
ఇత్తడి చట్రం, మూడు మరమేకులు, ఒక రబ్బరు వాషరు.
బిరడా చేత్తో బిగించి, రెంచితో పావు చుట్టు.
"అక్కడితో ఆపండి. బలం చూపిస్తే మర తెగుద్ది."

రెండేళ్లు చెప్పినట్టే చేశాను.
ఒడ్డుకి లాగ్గానే విప్పడం,
మంచినీళ్లతో ఉప్పు కడగడం,
మర చుట్లలో ఇసక పాత పళ్లబ్రష్షుతో తీసి
కాస్త గ్రీజు.
వాషరు గోటికి లొంగకపోతే ఆరోజే కొత్తది.

మూడో ఏడు, పోటు మీదుంది గోదారి.
ఐసు కరిగిపోతోందని,
పీతల బేరగాడు యానాంలో తిడుతుంటాడని
బిరడాని గూట్లో అగ్గిపెట్టె పక్కనే వదిలేసి
పడవ నెట్టేశాం.

నడి పాయలో సూరీడు అంది:
"కాళ్లకింద చల్లగా ఉందేటయ్యా?"
నా చెప్పులు తేలుతున్నాయి.
ఒక పీత బుట్ట దిగి
తన ఊరొచ్చేసినట్టు ఈదుతోంది.

తువ్వాలు కుక్కాను. నది ఉమ్మేసింది.
బొటనవేలు పెట్టాను. సరిపోయింది.

ఇంజను సూరీడు అందుకుంది.
నేను బోర్లా పడుకుని, గెడ్డం నీళ్లలో,
గోదారిని ఒక్క వేలితో ఆపుతున్నాను.
వేలి కొస మాత్రమే పడవ బయట ఉంది.
పుట్టి బుద్ధెరిగాక ఈ నీళ్లలోనే ఉన్నాను గానీ
ఇంత సన్నగా ఎప్పుడూ తాకలేదు.
చల్లన, మళ్లీ గోరువెచ్చన.
ఎక్కడ ఉప్పు కలిసిందో
నాలిక్కంటే ముందు గోరుకి తెలిసింది.

"వేగం అందుకుంది, వేలు తీయ్!" అరిచింది సూరీడు.
మతి పోయిందా దీనికి?
అయినా తీశాను.
పడవ ముక్కెత్తి దూకుతుంటే
లోపలి నీళ్లన్నీ వచ్చిన దారినే
వెనక్కి పరిగెత్తాయి, చెప్పొకటి పట్టుకుని రాబోయి
బొక్క దగ్గర వదిలేసి.
ఈ కిటుకు నూకరత్నం నాకెందుకు చెప్పలేదో.
యానాం కనపడి వేగం తగ్గగానే
మళ్లీ వేలు.

మూడు రోజులు ఆ వేలి చుట్టూ మర గీతలే.
రేషన్ మిషన్ ఒప్పుకోలేదు.
తుడిచి పెట్టమంది, మళ్లీ పెట్టమంది.
నేను నేనేనా అన్నట్టు చూశాడు డీలరు.
లైన్లో వెనక ఎవడో అన్నాడు:
"అది వేలు కాదండీ, బిరడా."
ఆ పేరే ఉండిపోయింది నాకు.

ఇప్పుడు బిరడా ఇంజను లాగే తాడు పిడికి కట్టుంటుంది,
విప్పకుండా ఇంజను లేవదు.
రెండోది సూరీడు కొంగు ముడిలో.
రేవు దిగేముందు ముడి తడుముకుంటుంది,
తర్వాత నా మొహం చూస్తుంది.
వేలుందిగా అంటాను.
నవ్వదు.