నాలుగు ఎనిమిదులు

రౌటర్ మీద దీపాలన్నీ పచ్చగనే ఉన్నయి.
గదే పరేషాను.
ఎర్రగ మెరిస్తే కేబులోణ్ణి నాలుగు తిట్టి పండుకునేదాన్ని.

సిరోంచల పొద్దుగూకి రెండు గంటలైంది.
ముందటి అర్రల కుట్టుమిషిను, దాని పక్కకు కంప్యూటర్,
ప్రింటర్ డబ్బా మీద పిల్లి.
వాడకట్టు పోసక్కత్త గడపకు ఆనుకోని కూసున్నది.
ఒళ్ళె ప్లాస్టిక్ సంచి, సంచిల మూడు కార్డులు,
మూడింట్ల మూడు పేర్లు.
దిద్దుబాటుకు రేపే ఆఖరు రోజు.

ముందుగాల కరెంటు వైరు పీకిన, ముప్పై లెక్కపెట్టి మళ్ళ పెట్టిన.
లెక్క నేను మరాఠీల పెడ్త, బడిల అట్లనే నేర్పిన్రు.
ఏక్, దోన్, తీన్...
తొందరైతే మాత్రం పదిహేను కాడ తెలుగుల పడ్త.

క్లిప్పు ఇరిగిన తీగ కొసకు
అగ్గిపుల్ల చెక్కి బిగించిన. అది గాదు.

నల్ల తెర తెరిచి రౌటర్ను పిలిచిన: ఉన్నవా?
ఉన్న, అన్నది, రెండు మిల్లీసెకన్లల.
మా ఇంట్ల మనుషులెవ్వరూ ఇంత జల్ది పలుకరు.
ప్రింటర్ను పిలిచిన, పలికింది.
లోపలి అర్రల టీవీ గూడ పలికింది.
ఇంటోళ్ళు ఇంటోళ్ళు మంచిగనే మాట్లాడుకుంటున్నరు,
గడప దాటితెనే గడబిడ.

"ఏంది బిడ్డా, రాదా?"
"వస్తదత్తా, జర ఆగు."

ఫోన్ల చూద్దామంటె
అది నది అవుతలి టవర్ను పట్టుకోని
తెలంగాణకు స్వాగతమంటది,
ఒక గీత చూపెట్టి మళ్ళ ఇవుతలికొస్తది.
అటూ ఇటూ తిరుగుడుకే దాని బ్యాటరీ ఒడిసింది.

ఇగ నాలుగు ఎనిమిదులు కొట్టిన.
ఎనిమిది చుక్క ఎనిమిది చుక్క ఎనిమిది చుక్క ఎనిమిది.
అది ఏ దేశంల కూసుంటదో నాకెరుక లేదు.
పలికింది!
నాలుగు సార్లు పిలిస్తె నాలుగు సార్లు.

అంటే తొవ్వ తెగలే.
సర్కారు సైటు పేరు కొట్టిన.
అసొంటోళ్ళు ఎవ్వరూ లేరు, అన్నది.

అంకెకు తొవ్వ ఉన్నది. పేరుకు లేదు.

నేను గడప దిక్కు చూసిన.
పోసక్కత్త పన్నెండంకెలు చెప్తే తహసీల్ల దొరుకుతది.
పేరు చెప్తే దొరకదు.
రేషన్ల పోచక్క, బ్యాంకుల పోస్కా, పట్టాల పోచుబాయి.
రాసినాయిన మరాఠీ, ఇన్న మాట తెలుగు,
చెప్పింది ఆమె మొగడు, నోట్ల తంబాకు పెట్టుకోని.
పోచుబాయి ఎవరని బ్యాంకుల అడిగిండ్రట.
నేనే అన్నదట.
రుజువేందన్నరట.

పేర్లను అంకెలుగ మార్చేదొకటి ఉంటది,
దాని అడ్రసు తీసి చూసిన.
మా మరిది కొడుకు అనికేత్ పొద్దుగాల గెలికిండు,
ఆట జోరుగ నడుస్తదని ఎవడో చెప్పిండంట.
నాలుగు ఒకట్లు కొట్టాల్సింది,
ఆఖర్న పదకొండు కొట్టిండు.
ఒక్క ఒకటి ఎక్కువ.
పొద్దుమీకి నుంచి ఇల్లంత మూగదైంది.

పిలిచి నెత్తి మీద ఒకటిద్దామనుకున్న,
అన్నం తింటున్నడు, ఇడిసిపెట్టిన.

తుడిచి నాలుగు ఎనిమిదులు పెట్టిన.
సైటు నింపాదిగ తెరుచుకున్నది,
ముందుగాల జెండా, ఎనుక మంత్రి ఫోటో, ఆఖరికి ఫారం.
సరైన పేరు రాయమన్నది, ఖాళీ గడి చూపెట్టి.

"అత్తా, నీ అసలు పేరేంది?"
సంచి సవరించుకున్నది. ఆలోచన చేసింది.
"మా అవ్వ పోసీ అనేది. బొడ్రాయి కాడ పెట్టింది పోసమ్మ.
ఆయన పిలువనే పిలువకపోవు, ఓయ్ అనేటోడు."
"ఒక్కటే రాయాల్నత్తా."
"నువ్వేమని పిలుస్తవో గదే రాయి బిడ్డా."

నేను అత్తా అని పిలుస్త.

తెర మూలకు గడియారం
ఇంక తొమ్మిది నిమిషాలే అంటున్నది.